రెండో వైపు తిప్పే లోపు

రికార్డు మీద పాట వినాలంటే కుదురుగా కూర్చోవాలి. నాకు నచ్చేది అదే. ఎల్పీ ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూ. అయిపోగానే లేచి తిప్పాల్సిందే. నిన్న రాత్రి ‘శంకరాభరణం’ పెట్టాను. ముల్లు ఆనగానే ముందు చిన్న చిటపట, ఆ వెంటనే మృదంగం. మహదేవన్ గారి సంగీతం గది నిండా పరుచుకుంది.

పాత ప్లేయర్ కొనేవాళ్లు ముందు ముల్లు చూసుకోండి. అరిగిన ముల్లు గాడిని గీకేస్తుంది, పోయిన పాట మళ్లీ రాదు. బెల్టు సాగితే వేగం తగ్గి బాలు గొంతు కూడా బరువెక్కుతుంది. బెల్టు మారిస్తే సరి.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్ల సంగతి వేరు. వాటి గాడి వెడల్పు, ఎల్పీ ముల్లు పనికిరాదు, వేరే ముల్లు పెట్టాలి. లక్కతో చేసినవి కాబట్టి స్పిరిట్ తగిలితే పాడైపోతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో గాడి వెంబడే తుడవండి, లేబుల్ తడవనీయకండి. మన ఎండలకు ఎల్పీలు వంగిపోతాయి, నిలువుగా పెట్టండి.

ఘంటసాల తొలినాళ్ల పాటలు ఆ 78ల మీదే వచ్చాయి. ఒక వైపుకి మూడు నిమిషాల చిల్లర. అంతలోనే రాగం, భావం, అన్నీ! ఎన్నిసార్లు విన్నా ఆశ్చర్యమే.

మీ అటక మీద అలాంటి ప్లేట్లుంటే పాత సామాన్లవాళ్లకు వేసేయకండి, దయచేసి. లేబుల్ ఫొటో తీసి కామెంట్లో పెట్టండి, అదేం పాటో కలిసి చూద్దాం.