నల్లరేగడిలో మల్లె పూయాలంటే...

రాయలసీమ అనగానే గుర్తొచ్చేది కరవు. అక్కడి పెరట్లో మొక్క నీళ్లెక్కువై చనిపోయిందంటే నమ్మబుద్ధి కాదు. కానీ నంద్యాల చుట్టుపక్కల అది మామూలు సంగతే!

కర్నూలు నుంచి కడప వెళ్లే దారిలో ఓర్వకల్లు రాళ్లగుట్టలు దాటి పాణ్యం మీదుగా నంద్యాల చేరేసరికి నేల నల్లబడుతుంది. ఎర్రమల, నల్లమల కొండల నడుమ కుందూ నది పారే లోయ అది. ఆళ్లగడ్డ, మైదుకూరు దాకా అదే నల్లరేగడి. దానికి తోడు కె.సి.కెనాల్. 1863లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పనులు మొదలుపెట్టిన ఈ కాలువను 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని అందుకుని కడప వరకూ దాదాపు 300 కిలోమీటర్లు సాగుతుందది. నీటిని పట్టి ఉంచే ఈ నేల వరికి వరం. పెరట్లోని మల్లెకూ నిమ్మకూ బొప్పాయికీ మాత్రం అదే శాపం.

దాహం కాదు!

రేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. తడిస్తే ఉబ్బి, సందులన్నీ మూసుకుపోతాయి. ఇక గాలి ఆడదు, వేరు కుళ్లుతుంది, ఆకు పసుపు రంగుకు మారి వాడిపోతుంది. దాహమేమోనని ఇంకో బిందె పోస్తారు. మొక్క ప్రాణం తీసేది ఆ బిందే.

అనుమానముంటే అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపాలి. మర్నాటికీ నిలిచే ఉంటే సమస్య నేలదే. చాలామంది రెండు గంపల ఇసుక కలుపుతారు. దాంతో మట్టి ఇంకా గట్టిపడుతుంది. సగానికి సగం కలిపితే తప్ప ఇసుకతో ఫలితం ఉండదు.

బండలే ఆసరా

మందు ఊళ్లోనే ఉంది. బేతంచెర్ల, కడప బండల ముక్కలు ఇళ్లు కట్టినచోట మిగిలే ఉంటాయి. వాటిని నిలువుగా పాతి, లోపల అడుగు ఎత్తున మడి కట్టాలి. అందులో ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, వేరుశనగ పొట్టు కలపాలి. ఎరువు ఒక్కసారి వేస్తే చాలదు, ఏటా వేయాలి. ఖాళీ జాగాలో జనుమో జీలుగో చల్లి, పూతకొచ్చే వేళ మట్టిలో కలిపేస్తే నేల గుల్లబారుతుంది. జిప్సం అందరికీ అక్కర్లేదు. భూసార పరీక్షలో చౌడు ఉందని తేలితేనే వేయాలి.

మడుల పక్కన చిన్న కాలువ తీసి, వాన నీటిని పల్లం వైపు మళ్లించాలి. అక్కడ చేమ, మెట్టతామర నాటితే ఆ నీరూ వృథా కాదు.

అన్నిటికన్నా ముఖ్యం పదును. తడి నేలను తొక్కినా తవ్వినా అది ఇటుకలా బిగుస్తుంది. గుప్పెడు మట్టి పిసికి వేలితో పొడిస్తే పొడిపొడిగా రాలాలి. అప్పుడే పార పట్టాలి. సేద్యగాళ్లకు ఇది కొత్త కాదు. వాన వెలిశాక పదును కోసం ఎదురుచూడటం వాళ్లకు అలవాటే. పెరటికీ ఆ ఓపికే కావాలి.