వంటామె మాట

మేము తెలుగు బోధించేవారము. పాఠశాలల భద్రత గురించి మాకెందుకని కొందరు అడుగవచ్చును. అది అందరి పని అని మా విశ్వాసము.

2004 జూలై 16న కుంభకోణంలో పాఠశాల వంటగదిలో రేగిన నిప్పు ఆకుల కప్పుకు అంటుకొని 94 మంది పసివారిని బలిగొన్నది. 2013లో అదే తేదీన బీహారులోని గండామన్ గ్రామంలో పురుగుమందు కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. నూనె తేడాగా ఉన్నదని వంటామె ముందే చెప్పినట్లు అప్పటి పత్రికలు వ్రాసినవి.

పాఠశాల సిబ్బందికి అగ్నిమాపక సాధనాల వాడకం నేర్పవలెనని 2009లో సుప్రీంకోర్టు ఆదేశించినది. అంతటితో చాలదు, ఎవరి పనికి తగిన శిక్షణ వారికి కావలెను. బ్లీచింగ్ పౌడరులో యాసిడ్ కలపరాదని ఊడ్చే ఆమెకు, బడి వేళల్లో మెట్లదారికి తాళం వేయరాదని అటెండరుకు తెలియవలెను. మూర్ఛ వచ్చిన విద్యార్థిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెనని, చేతిలో తాళపుచెవులు పెట్టినందువల్ల ప్రయోజనం లేదని మా వంటి అధ్యాపకులకు తెలియవలెను.

విద్యార్థులారా, కమిటీ పెద్దలారా! శిక్షణతోపాటు "ఆగండి" అనే అధికారము కూడ అందరికీ ఇవ్వవలెను. వంటామె వడ్డించవద్దంటే ప్రధానోపాధ్యాయుడు సైతం ఆగవలెను. జీతాలలో హెచ్చుతగ్గులు ఉండవచ్చును గాక, పసివారి ప్రాణాల ముందు చిన్న ఉద్యోగి మాట, పెద్ద ఉద్యోగి మాట అనే భేదము లేదు.