తాడ్వాయిలో ఇసుకమూట

పిల్లలూ! తాడ్వాయి అనగానే మీలో చాలామందికి మేడారం జాతర దారి గుర్తుకు వస్తుంది. అది ములుగు జిల్లాలోని తాడ్వాయి. నేను చెప్పబోయే తాడ్వాయి వేరు. ఇది కామారెడ్డి జిల్లాలో, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో ఉన్నది. 2016 దాకా ఇది నిజామాబాదు జిల్లాలో ఉండేది. హైదరాబాదులో బస్సెక్కి మేడ్చల్, తూప్రాన్, రామాయంపేట దాటి కామారెడ్డిలో దిగితే, అక్కడినుంచి కొద్దిసేపటి ప్రయాణం. ఊరి చుట్టూ వరిమళ్ళు, మొక్కజొన్న చేలు. ఊరిలోని శబరిమాత ఆశ్రమానికి భక్తులు వస్తూ ఉంటారు.

దసరా సెలవులలో నేను అక్కడ ఉన్న మా మేనకోడలి ఇంటికి వెళ్ళాను. ఆమె కొడుకు ఏడవ తరగతి. నేను వెళ్ళేసరికి వాడు కంప్యూటరు ముందు కూర్చుని యుద్ధవిమానం నడుపుతున్నాడు. తెరమీద ఒక నది, నదిమీద ఒక వంతెన. ఆ వంతెనను బాంబు వేసి కూల్చాలి. అదీ ఆట. వాడు విమానాన్ని తిన్నగా తెచ్చి, సరిగ్గా వంతెన మీదికి రాగానే మీట నొక్కుతున్నాడు. బాంబు వంతెన దాటి ఎక్కడో పొలాల్లో పడుతున్నది.

"సక్కగ మీదికొచ్చినంకనే ఇడుస్తున్న తాతా! అయినా ముందటికి పోయి పడుతున్నది. ఈ ఆటలనే ఏదో తప్పున్నది," అన్నాడు.

"తప్పు ఆటలో లేదు, లెక్కలో ఉన్నది. సైకిలు తియ్యి," అన్నాను.

ముగ్గురం బడి మైదానానికి వెళ్ళాము. మూడవది వాడి చెల్లెలు. నేలమీద సుద్దతో ఒక వలయం గీశాము. చిన్న గుడ్డలో ఇసుక పోసి మూట కట్టాము. సైకిలు తొక్కుతూ వచ్చి, మూటను విసరకుండా ఊరికే వదిలి, వలయంలో పడేటట్లు చేయాలి. చెల్లెలు వలయం ప్రక్కనే నిలబడి చూస్తున్నది. వాడు దూరంనుంచే, "చెల్లే, పక్కకు జరుగు, తగుల్తది!" అని కేకవేశాడు. ఆమె జరిగిన తరువాతనే తొక్కాడు.

వలయం మీదికి రాగానే మూట వదిలాడు. అది రెండు మీటర్లు అవతల పడింది. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అంతే!

ఎందుకో చూద్దాం. మూట వాడి చేతిలో ఉన్నంతసేపూ సైకిలుతోపాటు అదీ ప్రయాణం చేస్తూనే ఉన్నది. చేయి వదిలినంతమాత్రాన ఆ వేగం పోదు. ఒకవైపు ముందుకు పోతూనే, మరొకవైపు క్రిందికి పడుతుంది. ఈ రెండు చలనాలూ ఒకదానికొకటి అడ్డురావని ఇటలీ దేశస్థుడు గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో వివరించాడు.

లెక్క కూడా సులువే. పడుతున్న వస్తువు మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు దిగుతుంది. రెండు సెకనులకు మొత్తం 20 మీటర్లు, పది సెకనులకు 500 మీటర్లు. సెకనుల సంఖ్యను అదే సంఖ్యతో గుణించి, మళ్ళీ 5తో గుణించాలి. వాడి చేయి నేలకు 1.25 మీటర్ల ఎత్తున ఉన్నది. అంత ఎత్తునుంచి పడటానికి అర సెకను. సైకిలు సెకనుకు 4 మీటర్లు పోతున్నది. అర సెకనులో రెండు మీటర్లు! వలయానికి రెండు మీటర్లు ఇవతల ఒక గీత గీశాము. మూడవసారి గీత దగ్గర వదిలితే, మూట వలయంలోనే పడింది.

"ఇప్పుడు నీ విమానం సంగతి చెప్పు. ఎత్తు 500 మీటర్లు, వేగం గంటకు 360 కిలోమీటర్లు," అన్నాను.

వాడు వ్రేళ్ళమీద లెక్క కట్టాడు. "సెకనుకు 100 మీటర్లు... పది సెకనులు... అమ్మో, కిలోమీటరు ముందుగాల్నే ఇడువాలె!"

అవును. గాలి అడ్డు తగలటంవల్ల నిజానికి కొంచెం తగ్గుతుంది. ఇంకొక చిత్రం చూడండి. విమానం తిన్నగా పోతూనే ఉంటే, బాంబు పేలే సమయానికి విమానం దాదాపు దాని నెత్తిమీదనే ఉంటుంది! అందుకే వైమానికుడు బాంబు వదలగానే ప్రక్కకు తిప్పుకుంటాడు.

నేలమీద కూర్చుని విమానం నడపటం నేర్చుకోవడం కొత్త సంగతి కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన 1929లో అటువంటి పెట్టె ఒకటి తయారు చేశాడు. ఆయన తండ్రికి పియానోలు, ఆర్గన్‌లు చేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్‌కు గాలి ఊదే తిత్తులతోనే లింక్ తన పెట్టెను అటూ ఇటూ ఊగించాడు. రెండవ ప్రపంచయుద్ధంలో వేలాదిమంది దానిలో కూర్చునే శిక్షణ పొందారు. నేడు హైదరాబాదు దగ్గర దుండిగల్ వైమానిక అకాడమీలో కూడా సిమ్యులేటర్లు ఉన్నవి. అయితే ఆటలో కూలిన విమానం మీట నొక్కితే మళ్ళీ లేస్తుంది. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి బయలుదేరిన శిక్షణ విమానం తూప్రాన్ మండలం రావెల్లి దగ్గర కూలిపోయింది. అందులోని ఇద్దరూ మరణించారు. నేను బస్సులో దాటి వచ్చినది ఆ తూప్రానే.

ఇంటికి రాగానే వాడు మళ్ళీ ఆట మొదలుపెట్టాడు. కిలోమీటరు ముందే బాంబు వదిలాడు. వంతెన కూలింది. "పడ్డది తాతా!" అని ఎగిరి గంతువేశాడు.

"వంతెన మీద కదులుతున్న ఆ చుక్కలేమిటి?" అని అడిగాను.

"బండ్లు."

"మైదానంలో మూట వదిలే ముందు చెల్లెను జరగమన్నావు. వీళ్ళను జరగమని ఎవరు చెప్పారు?"

వాడు జవాబు చెప్పలేదు. అప్పుడు నేను 1942 ఏప్రిల్ 6 సంగతి చెప్పాను. ఆ రోజు జపాను విమానాలు మన విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేసినవి. విశాఖలో కొందరు చనిపోయారు. ఎంతోమంది భయంతో పట్నం విడిచి పల్లెలకు వెళ్ళిపోయారు. ఆనాడు పడి పేలని బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉన్నది.

"అయితే ఈ లెక్క చెడ్డదా తాతా?" అన్నాడు వాడు.

లెక్క చెడ్డది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, హెలికాప్టర్లలోనుంచి ఆహారపు పొట్లాలు జారవిడిచారు. నీళ్ళలో పడితే అన్నం దక్కదు. అక్కడా ఎత్తు, వేగం, గాలి చూసుకోవలసిందే. హెలికాప్టరు మెల్లగా, క్రిందుగా రాగలదు కాబట్టి ఆ పని కొంత సులువు.

మరునాటి ఉదయం వాడే సైకిలు తీశాడు. మైదానంలో పాత వలయం చెరిపి, నలుచదరంగా గీశాడు. "ఇది మునిగిన ఇంటి మిద్దె. మీద నలుగురున్నరు," అన్నాడు. మూట మనుషులమీద పడకుండా, మిద్దె చివర పడాలట! పదకొండుసార్లు వచ్చాడు. నాలుగుసార్లు సరిగ్గా పడింది.

మీరూ చేసి చూడండి. రోడ్డుమీద కాదు, మైదానంలో. మూట వదిలే ముందు ఎత్తు, వేగం లెక్కకట్టండి. అంతకంటే ముందు, క్రింద ఎవరున్నారో చూడండి.