నాలుగు కాలాల ఒడ్డు... భీమిలి

ఓ పక్క ఎగసిపడే అలలు. మరో పక్క పచ్చటి కొండలు. మధ్యలో సాగిపోయే నల్లటి తారురోడ్డు. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు మీద బస్సెక్కితే కిటికీ పక్క సీటు కోసం పిల్లలు పోట్లాడుకోవడం ఖాయం. కైలాసగిరి, రుషికొండ దాటాక ఊరి సందడి తగ్గి సరుగుడు తోటలు మొదలవుతాయి. ముప్ఫై కిలోమీటర్ల లోపు ప్రయాణం. కానీ ఆ కాస్త దూరంలోనే వేల ఏళ్లు వెనక్కి వెళ్లి రావచ్చంటే ఆశ్చర్యమే! మంచుయుగం నాటి ఇసుక, బౌద్ధ భిక్షువుల కొండలు, డచ్చివారి సమాధులు, ఇంగ్లిషువారి ఓడరేవు జ్ఞాపకాలు... నాలుగు కాలాలూ ఒకే తీరం మీద పక్కపక్కనే కనిపించే చోటు అది.

చాలామంది మాత్రం ఆ రోడ్డంతా చుట్టివచ్చి, సముద్రంలో కాళ్లు తడుపుకుని, వేడివేడి మొక్కజొన్న కండె తిని వెనుదిరుగుతారు. అసలు భీమిలి అప్పటికింకా మిగిలే ఉంటుంది.

కొండ మీద నీటి తొట్లు

రుషికొండ దాటి కొంత దూరం వెళ్లాక ఎడమ వైపు కొండ మీదికి దారి చీలుతుంది. అదే తొట్లకొండ. 1976లో నౌకాదళం వారు విమానం నుంచి సర్వే చేస్తున్నప్పుడు ఈ శిథిలాలు బయటపడ్డాయి. ఆ తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు ఉండే విహారాల గదులు, అందరూ కలిసి భోంచేసే శాల... ఒక్కొక్కటే వెలుగు చూశాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. సముద్ర వ్యాపారంతో ఈ కొండకు సంబంధం ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కొండకు ఆ పేరు రావడానికి కారణం రాతిలో తొలిచిన నీటి తొట్లే. కొండ మీద బావి తవ్వితే నీరు పడే నమ్మకం లేదు. అందుకే వానాకాలంలో పడే ప్రతి చుక్కనూ పట్టి ఏడాది పొడవునా వాడుకునేలా భిక్షువులు రాయినే తొలిచారు. నేడు ప్రతి ఇంటా ఇంకుడుగుంత తవ్వమని చెబుతున్నాం కదా, ఆ తెలివి రెండు వేల ఏళ్ల కిందటిదే! ఇక్కడికి దగ్గర్లోనే బావికొండ ఉంది. అక్కడి మహాచైత్యంలో ఓ భరిణె, అందులో చిన్న అస్థి ముక్క దొరికాయి. అది బుద్ధుడి ధాతువే కావచ్చని భావిస్తున్నారు.

తొట్లకొండ మీద నిలబడితే సముద్రం మొత్తం కళ్ల ముందు పరుచుకుంటుంది. దూరాన వచ్చే ఓడలు ముందుగా కనిపించేది ఇక్కడి నుంచే. భిక్షువులు ఈ కొండను ఎందుకు ఎంచుకున్నారో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

ఎర్రమట్టి దిబ్బలు

తొట్లకొండ దిగి మళ్లీ భీమిలి దారి పడితే కొంతసేపటికి నేల రంగు మారిపోతుంది. తీరంలో తెల్లటి ఇసుక ఉండటం మామూలే. ఇక్కడ మాత్రం ఇటుక పొడి కుప్పలు పోసినట్టు ఎర్రెర్రటి దిబ్బలు. లోపలికి నడిస్తే ఇరుకైన లోయలు, నిలువుగా కోసినట్టున్న గోడలు, వాటి మీద వాన నీరు గీసిన చారలు. ఒక్కోచోట తల పైకెత్తితే ఆకాశం తప్ప మరేమీ కనిపించదు. పైన జీడిమామిడి చెట్లు, తాటిచెట్లు. ఎన్నో సినిమాల పాటల్లో, పోరాట సన్నివేశాల్లో ఈ దిబ్బలు కనిపిస్తాయి. ఏ రాజస్థాన్‌లోనో తీశారనుకున్నవాళ్లూ ఉన్నారు!

ఇవి పుట్టిన తీరు మరీ విచిత్రం. దాదాపు ఇరవై వేల ఏళ్ల కిందట మంచుయుగం తీవ్రంగా ఉన్న రోజుల్లో సముద్రాల నీరు ఎంతో నేల మీద మంచుగా పేరుకుపోయింది. సముద్రమట్టం ఇప్పటికన్నా వంద మీటర్లకు పైగా పడిపోయింది. అంటే నేడు చేపలు తిరిగే చోట అప్పుడు ఆరిన ఇసుక మైదానాలు ఉండేవన్నమాట. ఆ ఇసుకను గాలి ఎత్తుకొచ్చి ఇక్కడ కుప్పలుగా పోసింది. తర్వాత వేల ఏళ్ల పాటు వానకు తడిసి, ఎండకు ఎండి, ఇసుకలోని ఇనుప ఖనిజాలు తుప్పు పట్టాయి. ఆ తుప్పు రంగే ఈ ఎరుపు. మళ్లీ ఆ వానే దిబ్బలను కోసి లోయలు చేసింది. ఇలాంటి ఎర్ర ఇసుక దక్షిణాసియాలో తమిళనాడు, శ్రీలంక తీరాల్లో తప్ప పెద్దగా కనిపించదు. ఆదిమానవులు వాడిన రాతి పనిముట్లు కూడా ఇక్కడ దొరికాయి.

2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని జాతీయ భౌగోళిక వారసత్వ సంపదగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతో పాటు ఎర్రమట్టి దిబ్బలకూ చోటు దక్కింది. గుర్తింపు వచ్చింది సరే... రక్షణ సంగతేమిటి? ఈ దిబ్బలు రాయి కావు. చేత్తో గీరితే రాలిపోయే ఇసుక. ఒకప్పుడు తీరం వెంట చాలా దూరం పరుచుకున్న దిబ్బల్లో రోడ్లకు, కట్టడాలకు, ఇసుక తవ్వకాలకు పోగా మిగిలినవే ఇవి. 2024లో ఈ ప్రాంతంలో యంత్రాలతో నేల చదును చేయడం మీద పెద్ద దుమారమే రేగింది. గాలి, వాన కలిసి వేల ఏళ్లు చేసిన పనిని ఓ జేసీబీ ఒక్క పూటలో మాయం చేయగలదు. మళ్లీ చేయించడానికి ఇంకో మంచుయుగం రావాలి!

వలందుల ఊరు

భీమిలి అసలు పేరు భీమునిపట్నం. బకాసురుణ్ని చంపిన భీముడు ఇక్కడికి వచ్చాడని, ఆయన పేరు మీదే ఊరు వెలిసిందని స్థానికులు చెప్పుకుంటారు. ఊరిని ఆనుకుని ఉన్న పావురాళ్లకొండ వాలులో నరసింహస్వామి ఆలయం ఉంది. ఇంకా పైకి ఎక్కితే అక్కడా బౌద్ధుల ఆనవాళ్లే. రాతిలో తొలిచిన నీటి తొట్లు ఈ కొండ మీదా కనిపిస్తాయి. భీముడి కథ, నరసింహుడి గుడి, బుద్ధుడి ఆరామం... మూడూ ఒకే కొండను పంచుకున్నాయి.

17వ శతాబ్దంలో ఇక్కడికి డచ్చివారు వచ్చారు. తెలుగువాళ్లు వాళ్లను వలందులు అన్నారు. హాలండ్ అన్న మాట మన నోట అలా మారింది. మచిలీపట్నంలోని వలందపాలెం కూడా వాళ్ల పేరు మీద వెలిసిందే. మన నేత బట్టలు కొని తూర్పు దీవులకు తీసుకెళ్లడం, వాటికి బదులు అక్కడి సుగంధ ద్రవ్యాలు సంపాదించడం... అదీ వాళ్ల వ్యాపారం. ఆనాటి కోట పోయింది. గిడ్డంగులు పోయాయి. సమాధులు మాత్రం మిగిలాయి. సముద్రానికి దగ్గర్లో ఉన్న డచ్చి శ్మశానంలో కొన్ని సమాధులు గోపురాల్లా, కొన్ని స్తంభాల్లా నిలబడి ఉంటాయి. పలకల మీద చెక్కిన అక్షరాలు ఉప్పుగాలికి అరిగిపోతున్నాయి. ఇంటికి వేల మైళ్ల దూరంలో కన్నుమూసినవాళ్ల పేర్లవి. 1824 నాటి ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది ఈ ఊరు ఇంగ్లిషువారి చేతికి వెళ్లింది.

గోగునారకు పుట్టిన పేరు

ఇంగ్లిషువారి నోట భీమునిపట్నం 'బిమ్లిపటం' అయింది. ఆ పేరును ప్రపంచానికి చాటింది ఏమిటో తెలుసా? మన గోగు! చుట్టుపక్కల జిల్లాల్లో పండే గోగునార ఈ రేవు నుంచే ఓడలెక్కేది. అందుకే అంతర్జాతీయ విపణిలో దానికి 'బిమ్లి జూట్' అన్న పేరు స్థిరపడింది. ఇప్పటికీ వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఆ పేరు కనిపిస్తుంది. ఆకు పచ్చడిగా మన విస్తట్లోకి, నార గోనెసంచిగా పరదేశానికి... గోగు అలా రెండు దారులు పట్టింది.

ఇక్కడ ఓడలు ఒడ్డుకు వచ్చే వీలు లేదు. దూరంగా సముద్రంలో లంగరు వేసి నిలబడితే, పడవల్లో సరుకు చేరవేసేవారు. ఓడలకు దారి చూపిన పాత లైట్‌హౌస్, తెల్లగా మెరిసే సెయింట్ పీటర్స్ చర్చి, ఊరి నడుమ గడియార స్తంభం ఆ వైభవానికి గుర్తులు. 1861లోనే ఇక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది. దేశంలోని అతి పాత పురపాలక సంఘాల్లో ఇదొకటి. మరి అంతటి రేవు ఎందుకు చిన్నబోయింది? రైలు మార్గం భీమిలిని తాకకుండా విజయనగరం మీదుగా వెళ్లింది. 1933లో విశాఖలో కొత్త నౌకాశ్రయం ప్రారంభమైంది. ఓడలు ఒడ్డును ఆనుకుని నిలబడే చోటు అక్కడ ఉండగా, నడి సముద్రంలో లంగరు వేసే అవసరం ఎవరికుంది? వర్తకం తరలిపోయింది. ఊరు నిద్రలోకి జారుకుంది.

ఒక రకంగా ఆ నిద్రే మేలు చేసింది. పెంకుటిళ్లు, వెడల్పాటి అరుగులు, నీడనిచ్చే పెద్ద చెట్లు చాలాకాలం పదిలంగా ఉన్నాయి. 1978లో వచ్చిన 'మరోచరిత్ర' సినిమాలో కొన్ని దృశ్యాలు ఇక్కడ తీసినవే. 2010లో అయితే ఊరి పేరే సినిమా పేరయింది... 'భీమిలి కబడ్డీ జట్టు'.

గోస్తనీ సాగర సంగమం

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లో దూరి, తాటిపూడి జలాశయాన్ని నింపి వచ్చే గోస్తనీ నది భీమిలి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. సాయంత్రం ఈ సంగమం దగ్గర కూర్చోవడమే ఓ అనుభూతి. నది నీరు ఓ రంగు, సముద్రం మరో రంగు. మధ్యలో రోజుకో తీరుగా మారే ఇసుక తిన్నె. తెల్లవారుజామునే వస్తే పడవలు ఒడ్డుకు చేరడం, మత్స్యకారులు వరుసగా నిలబడి పెద్ద వల లాగడం చూడొచ్చు. కవ్వళ్లు, నెత్తళ్లు, రొయ్యలు... బుట్టల్లోకి చేరకముందే బేరాలు మొదలవుతాయి. చలికాలం చివర్లో ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లను సేకరించి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతుంటారు.

ఇప్పుడు భీమిలి గ్రేటర్ విశాఖలో భాగం. దగ్గర్లోని భోగాపురంలో అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన జరిగాక చుట్టుపక్కల స్థలాల ధరలకు రెక్కలొచ్చాయి. కొండల పక్కన లేఅవుట్లు, తీరం వెంట రిసార్టులు. ఊరు మళ్లీ మేల్కొంటోంది. ఉపాధి దొరుకుతుందని కుర్రకారు సంబరపడుతుంటే, పాత అరుగులు ఎన్నాళ్లుంటాయోనని పెద్దలు బెంగపడుతున్నారు. రెండింటిలోనూ న్యాయముంది.

ఇలా వెళ్లొచ్చు

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్, రైల్వేస్టేషన్ల నుంచి భీమిలికి సిటీ బస్సులున్నాయి. విజయనగరం నుంచీ బస్సులు వస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. పొద్దున్నే బయల్దేరి ఎండ ముదరకముందే తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు చూసుకుని, మధ్యాహ్నానికి భీమిలి చేరితే సాయంత్రం సంగమం దగ్గర గడపొచ్చు. దిబ్బల్లో నీడ తక్కువ, దారులన్నీ ఒకేలా ఉంటాయి. అందుకే మంచినీళ్లు, టోపీలు వెంట ఉండాలి, పిల్లల చెయ్యి వదలకూడదు. నది కలిసే చోట లోతు ఎప్పటికప్పుడు మారిపోతుంది కాబట్టి అక్కడ స్నానాలకు దిగకపోవడమే మంచిది.

ఇంకో చిన్న మాట. దిబ్బల మీద పేర్లు చెక్కేవాళ్లు, గోడల మీంచి జారుడుబండలా జారేవాళ్లు, గుర్తుగా ఉంటుందని సీసాలో ఎర్రమట్టి నింపుకునే పిల్లలు ఏ ఆదివారం వెళ్లినా కనిపిస్తారు. పిడికెడు మట్టే కదా అనిపిస్తుంది. కానీ వచ్చేవాళ్లంతా తలో పిడికెడు తీసుకెళ్తే? వలందులు వెళ్లిపోయారు, ఇంగ్లిషువారు వెళ్లిపోయారు, ఓడలూ వెళ్లిపోయాయి. వాళ్లందరికన్నా ముందు నుంచి ఉన్నది ఆ ఎర్రమట్టే. దాన్ని చూసి, ఫొటో తీసుకుని, అక్కడే వదిలేసి వస్తే చాలు... రేపు వాళ్ల పిల్లలకూ చూడటానికి మిగిలి ఉంటుంది.