సాలమ్మ ఉపవాసం

"ఏమే, తిన్నదా?"

మాకు శనివారం రాత్రి అయ్యేసరికి గుత్తిలో ఆదివారం పొద్దున అవుతుంది. అమ్మ వీడియో కాల్ చేయగానే మొదట అడిగేది ఇదే. నా గురించి కాదు. మనవడి గురించీ కాదు. డాలస్ దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో, అద్దాల పెట్టెలో ఉన్న సాలెపురుగు గురించి!

నవ్వకండి. గోడ మీద చిన్న సాలీడు కనిపిస్తే చీపురు కోసం పరిగెత్తే మనిషిని నేను. అలాంటి నా ఇంట్లోకి అరచేయంత టరాంటులా వచ్చిందంటే, దానికి కారణం మా అబ్బాయి.

హైదరాబాద్ నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు వాడికి పదకొండేళ్లు. అక్కడ అపార్ట్‌మెంట్ అంతా వాడి అరుపులే. ఇక్కడికొచ్చాక మెల్లగా మాట తగ్గింది. స్కూలు నుంచి రావడం, గది తలుపు వేసుకోవడం. "ఎలా ఉంది స్కూలు?" అంటే "ఓకే". "ఏం తిన్నావు?" అంటే "ఏదో ఒకటి". నేను ప్లేటు పట్టుకుని తలుపు కొట్టడం, వాడు "ఆకల్లేదమ్మా" అనడం రోజూ ఉండేదే.

పదమూడో పుట్టినరోజుకి ఏం కావాలంటే "టరాంటులా" అన్నాడు. మావారు పకపకా నవ్వారు. నేను నవ్వలేదు. దాన్ని ఎందుకు పెంచాలో, ఎలా పెంచాలో ఆ రాత్రి వాడు నలభై నిమిషాలు చెప్పాడు. రెండేళ్లలో వాడు అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. సరే అనేశాను.

పాములు, బల్లులు, సాలీళ్లు అమ్మే ఒక ప్రదర్శనకి వెళ్లాం. అక్కడ ఒక డబ్బాలో నెమలి కంఠం రంగులో మెరిసిపోతున్న సాలీడుని చూసి ఆగిపోయాను. కింద చీటీ మీద 'గూటీ సఫైర్' అని ఉంది. గూటీ ఏమిటి? అది మా గుత్తి! మా వాడు అప్పటికప్పుడు ఫోన్‌లో వెతికి చదివి వినిపించాడు. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క సాలీడుని చూసి 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దీని గురించి రాశాడట. ఆ తర్వాత వందేళ్లకు పైగా దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించిందట. పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది కాబట్టి చెట్లు కొట్టేసిన కొద్దీ దానికి నీడ కరువు. అది అంతరించిపోయే అంచున ఉంది. 2019 నుంచి ఈ జాతి సాలీళ్ల అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ కూడా పెట్టారు.

"నువ్వు పుట్టిన ఊరు పేరమ్మా దీనికి!" అన్నాడు వాడు. వాడు మా ఊరి మాట ఎత్తడం అదే మొదలు.

కానీ మొదటిసారి పెంచేవాళ్లకి అది పనికిరాదని అమ్మే ఆయనే చెప్పాడు. మెరుపులా పరిగెడుతుంది, కరిస్తే నొప్పి ఓర్చుకోలేం. అందుకని నెమ్మదైన చిలీ రోజ్ టరాంటులాని తెచ్చుకున్నాం. దానికి అమ్మ పెట్టిన పేరు సాలమ్మ.

పెంపకం నేననుకున్నంత కష్టం కాదు. అడుగున మందంగా కొబ్బరి పీచు పొడి, దాక్కోవడానికి ఓ బెరడు ముక్క, చిన్న గిన్నెలో నీళ్లు, వారానికో కీచురాయి. పెట్టె మరీ ఎత్తు ఉండకూడదు. పైనుంచి పడితే పొట్ట పగిలి చచ్చిపోతుంది. చేతిలోకి తీసుకోకూడదు. భయపడితే వెనక కాళ్లతో పొట్ట మీది నూగు విదుల్చుతుంది. ఒకసారి పెట్టె శుభ్రం చేసి నేను రెండు రోజులు చేతులు గోక్కున్నాను.

అసలు కష్టం మూడో నెలలో మొదలైంది. సాలమ్మ తిండి మానేసింది. ఒక వారం, రెండు వారాలు, నెల. కీచురాయిని వేస్తే పక్కకి జరిగి కూర్చునేది. నా ప్రాణం ఊరుకోదు కదా, ఇంకోటి వేయబోయేదాన్ని.

"వద్దమ్మా! కుబుసం విడిచే ముందు అది నెలల తరబడి తినదు. లోపల పురుగు మిగిలితే దాన్నే కొరుకుతుంది. తీసేయాలి" అనేవాడు మా వాడు.

"ఊరికే చూస్తూ కూర్చోమంటావా?"

"అవును. అంతే."

ఒకరోజు వాడు స్కూలుకెళ్లాక చూద్దును కదా, సాలమ్మ వెల్లకిలా పడి ఉంది! కాళ్లు గాల్లో. కదలిక లేదు. నా గుండె జారిపోయింది. సాయంత్రం వాడు వచ్చి చూస్తే ఏమైపోతాడు? ఈ ఊళ్లో వాడికున్న ఒకే ఒక్క నేస్తం అది. బతికుందేమో తిరగేసి చూద్దామని వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి, మూత మీద చెయ్యి వేశాను. మూత మీద ఓ పసుపు కాగితం అంటించి ఉంది. వంకర తెలుగు అక్షరాలు.

'అమ్మా, రాత్రి పట్టు అల్లి పరుపులా పరుచుకుంది. ఇవాళ తిరగబడుతుంది. చావలేదు. చస్తే కాళ్లు కిందికి ముడుచుకుంటుంది. ముట్టుకోకు ప్లీజ్.'

నేనేం చేస్తానో వాడికి ముందే తెలుసు! అట్లకాడ పక్కన పెట్టి అక్కడే కింద కూర్చున్నాను. ఆఫీసు మీటింగు ఒకటి పోయింది, పోనీ. గంటల మీద గంటలు గడిచాక, పాత చొక్కా విప్పినట్టు ఒక్కో కాలూ బయటికి లాక్కుంది. కోరలు పాలలా తెల్లగా ఉన్నాయి. ఆ సమయంలో నేను కదిపి ఉంటే, ఆ మెత్తటి ఒళ్లు చీరుకుపోయేది. నా ప్రేమే దాన్ని చంపేది.

ఆ సాయంత్రం వాడు, నేను పెట్టె ముందు నేల మీదే కూర్చున్నాం. విడిచిన కుబుసాన్ని నీళ్లలో నానబెట్టి, భూతద్దంతో చూసి "నిజంగానే ఆడది" అన్నాడు. ఆడవైతే ఇరవై ఏళ్లు కూడా బతుకుతాయట.

"నువ్వు కాలేజీకి వెళ్లిపోతే ఎవరు చూస్తారురా?"

"నువ్వే. ఇవాళ ముట్టుకోలేదు కదా, పాసయ్యావు."

ఆ తర్వాత వాడే స్కూలు సంగతులెత్తాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక్కడే కూర్చుంటాడట. నోటిదాకా వచ్చిన సలహాని మింగేసి, విన్నాను.

ఇప్పుడు నేను ప్లేటు పట్టుకుని తలుపు కొట్టడం లేదు. వంటయిందని ఒక్కసారి చెప్పి ఊరుకుంటున్నాను. కొన్ని రోజులు రాడు. కొన్ని రోజులు వచ్చి, తిన్నాక కూడా లేవకుండా కబుర్లు చెబుతాడు.

కోరలు గట్టిపడేదాకా పది రోజులు ఆగి సాలమ్మకి కీచురాయిని వేశాం. ఆ వారం అమ్మ ఫోన్ చేసి మామూలుగానే అడిగింది, "ఏమే, తిన్నదా?"

"ఇద్దరూ తిన్నారమ్మా" అన్నాను.