బియ్యం డబ్బా అడుగున

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. అంతకు ముందు నుంచే టీవీలు మొత్తుకుంటున్నాయి. కొత్తవలసలో మా ఇంట్లో చేసిన ఏర్పాటల్లా ఒక కొవ్వొత్తుల ప్యాకెట్టు. తుఫాన్లు మనకి కొత్తా ఏంటి!

మర్నాడు కరెంటు లేదు, ఫోన్లు పలకవు, ఏటీఎం పనిచెయ్యదు. జీతం బ్యాంకులో భద్రంగా ఉంది. జేబులో నూట ఎనభై. మూడో రోజుకి పాలకీ డబ్బుల్లేవు. పక్కింటి మామ్మ, కూరలమ్ముకునే మనిషి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గుడ్డ మూట తీసింది. పది వంద నోట్లు లెక్కపెట్టింది. "ఒట్టుకెళ్లు బాబూ, కరెంటొచ్చినాక ఇద్దువుగాని."

నెలజీతగాడిని ఆవిడ దగ్గర చెయ్యి చాపాను. టీవీ భయపెట్టి చేయించలేని పని ఆ సిగ్గు చేయించింది. మా ఇంట్లోనూ డబ్బా వెలిసింది.

తెలివి మాత్రం నాది. చోటు కలిసొస్తుందని అన్నీ ఐదువందల నోట్లే పెట్టాను, ఇరవై. 2016 నవంబరు 8 రాత్రి అవి చెల్లవన్నారు. ఆపద కోసం దాచిన సొమ్ము పట్టుకుని బ్యాంకు ముందు రెండు పూటలు నిలబడ్డాను. మామ్మ వందలకి ఏమీ కాలేదు. "పెద్ద నోటైతే ఆపదప్పుడు సిల్లర ఎవుడిస్తాడు?" అంది. నోట్ల రద్దు సంగతి ఆవిడకి ముందే తెలిసి కాదు, సంత తెలుసు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు పోయింది. ఆ వేళ మా డబ్బాలో ఉన్నది ఆరువందలే. మిగతాది పండగ బట్టలకి తీశాం. నాలుగేళ్లకే సిగ్గు పాతబడింది.

2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి, అలమండల మధ్య పలాస పాసింజరుని వెనక నుంచి రాయగడ పాసింజరు గుద్దింది. ఆ బళ్లు నేనూ ఎక్కేవే. నేనే పోతే ఇంటివాళ్లకి ఆ డబ్బా ఏ మూలకి? ప్రధానమంత్రి సురక్షా బీమా 2015 నుంచీ ఉంది. అప్పటికి ఏడాదికి ఇరవై రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకి రెండు లక్షలు. తెలిసీ ఎనిమిదేళ్లు ఊరుకున్నవాణ్ణి, ఆ వారమే వెళ్లి సంతకం పెట్టాను.

ఆ ఇరవై ఏటా మే నెలాఖరున ఖాతాలోంచి కోసుకుంటారు. జూన్ ఒకటి నుంచి కొత్త ఏడాది. మీరూ చేరి ఉంటే అప్పటికి ఖాతా ఖాళీగా లేకుండా చూసుకోండి.