లేపాక్షిలో ఎనిమిది రంగుల పటములు

మా పుట్టినింటి కూడములో ఒక ఛాయాపటము కలదు. 1950వ సంవత్సరమున మా తాతగారు లేపాక్షి బసవన్న యెదుట మా అమ్మమ్మగారిని నిలువబెట్టి తీసినది. ఆమె చేయి పట్టుకొని నిలిచిన ఆరేండ్ల బాలిక మా అమ్మగారు. పటములో అమ్మమ్మగారి చీర కాటుకవలె నల్లగా నున్నది. అంచుమాత్రము తెల్లగా నున్నది. అది కుంకుమరంగు చీర యని మా అమ్మగారును, కాదు నీలిరంగుదని మా పెద్దమ్మగారును ఏండ్ల తరబడి వాదులాడుచునే యున్నారు. ఆ చీర ఎన్నడో చినిగి బొంతలలో కలిసిపోయినది. తీర్పు చెప్పుటకు అమ్మమ్మగారు లేరు.

గత మాఘమాసమున అమ్మగారు, “ఒక్కసారి అక్కడ నిలబడాలని ఉందే అమ్మాయీ! కాళ్లు ఆడుతున్నప్పుడే తీసుకుపో” అనిరి. అప్పుడు నాకు తాతగారి కెమేరా జ్ఞాపకము వచ్చినది. ఆ పెట్టెతోనే, ఆ తావుననే, ఈసారి రంగులలో అమ్మగారి పటము తీయవలెనని సంకల్పించితిని.

అది బ్రౌనీ రెండవ నంబరు డబ్బా కెమేరా. ఆ రకమును కొడాక్ వారు 1901లో మొదట అమ్మకమునకు తెచ్చిరి. తాతగారు పాతదానినే యెవరివద్దనో కొనిరట. నల్లని తొడుగు వేసిన పెట్టె, ముందు ఒక అద్దము, చూచుటకు రెండు చిన్న గవాక్షములు, ఫిలిము చుట్టుటకు ఒక చెవి, అంతే. దూరము సరిచేయు పని లేదు. సుమారు పది అడుగులకు ఆవల నున్నదెల్ల తగుమాత్రము స్పష్టముగా పడును. దీనికొరకే పుట్టిన 120 అను కొలత ఫిలిము నేటికిని దొరకుచుండుట మన యదృష్టము. చౌకలో దొరకు కొడాక్ గోల్డ్ 200 అను రంగుల ఫిలిము 2022 నుండి ఈ కొలతలో కూడ వచ్చుచున్నది. ఫోటోలే వృత్తిగా గలవారు వాడు ఫిలిములకన్న దీని వెల తక్కువ. ఈ పెట్టెలో ఒక చుట్టకు ఎనిమిది పటములు మాత్రమే వచ్చును.

చౌకఫిలిము పాతపెట్టెకు నప్పునా యని సందేహింపకుడు. ఈ కెమేరా తలుపు ఎండలో మూసి తెరచు వేగము మందమైనది. నేటి ఫిలిమునకు కావలసినదానికన్న ఎక్కువ వెలుతురు లోనికి పోవును. ఇండ్లలో వాడుటకై చేసిన ఈ ఫిలిము ఎక్కువ వెలుతురును ఓర్చుకొనును. తక్కువైనచో మాత్రము రంగులు బురదవలె మారును. కావున ఎండలో మూడు రంధ్రములలో చిన్నదానిని పెట్టి తీసిన చాలును.

ఒక్క జాగ్రత్త ముఖ్యము. పటముల సంఖ్య చదువుకొనుటకు పెట్టె వెనుక ఎఱ్ఱని చిన్న కిటికీ యుండును. అది ఎఱ్ఱనిదే యేల? ఆ కాలపు ఫిలిములలో పెక్కింటికి ఎఱుపు కనబడదు. అవి నీలమును, పచ్చను మాత్రమే గ్రహించెడివి. కావున ఎఱ్ఱని వెలుగు వాటికి చీకటితో సమానము. రంగుల ఫిలిము అట్లు కాదు. నీలమునకు, పచ్చకు, ఎఱుపునకు వేర్వేరు పొరలు గలది. ఆ కిటికీనుండి వచ్చు వెలుగు దానిని చెఱచును. అందువలన కిటికీపై నల్లని పట్టీ అంటించి, ఫిలిము చుట్టునప్పుడు మాత్రము నీడలో, కొంగు చాటున తెరచి చూచుకొనవలెను.

అనంతపురమున ఉదయపు రైలెక్కి ధర్మవరము, పెనుకొండ దాటి హిందూపురమున దిగితిమి. అచటినుండి లేపాక్షి బస్సుమీద సుమారు పదునైదు కిలోమీటరులు. వీరభద్రాలయము కూర్మశైల మను చిన్నగుట్టపై నున్నది. అచ్యుతదేవరాయల కాలమున పెనుకొండ ప్రాంతపు అధికారియైన విరూపణ్ణయు, ఆతని సోదరుడు వీరణ్ణయు దీనిని కట్టించిరని ప్రసిద్ధి. రాయల యనుమతి లేక ధనము వ్యయపరచెనను నింద రాగా విరూపణ్ణ తన కన్నులు తానే పెరికి గోడకు విసరెనని కథ. ఆ గోడమీద రెండు ఎఱ్ఱని మరకలను నేటికిని చూపుదురు. తాతగారి ఫిలిములోనైన అవి నల్లని చుక్కలు మాత్రమే. మొదటి పటము దానికే వినియోగించితిని.

మండపపు కప్పునిండ వర్ణచిత్రములు. ఎఱుపు, పసుపు, నలుపు, తెలుపు. అందులో గిరిజాకల్యాణమును చూడవచ్చిన స్త్రీలు. వారి చీరలమీద చారలు, గళ్లు, పూవులు. కొప్పులు ఒక ప్రక్కకు ఒరగినవి. లతామండప స్తంభములమీద చెక్కిన తీగలు నేటి చీరల అంచులలో ‘లేపాక్షి’ పేరిటనే జీవించుచున్నవి. అమ్మగారు మెడనొప్పి మరచి కప్పువంక చూచుచు, “ఈ గళ్లచీర మా అత్తగారికి ఉండేది” అనిరి.

ఆ చీకటిలో క్షణకాలపు వెలుతురు చాలదు. ముక్కాలి సాధనమునకు పురావస్తుశాఖవారి అనుమతి వలయును. నేను పెట్టెను నేలమీద వెల్లకిల పరుండబెట్టి, దాని కన్నును కప్పువైపు తిప్పి, తలుపు తెరచి పదివరకు లెక్కించి మూసితిని. రెండుమార్లు అట్లే చేసితిని. తక్కిన నాలుగు వెలుపల స్తంభములకును, ఏడుపడగల నాగలింగమునకును సరిపోయినవి. వాటిలో ఒకసారి పట్టీ వేయుట మరచి ఎండలోనే నిలిచితిని.

ఇక ఒక్కటే మిగిలినది. బసవన్న గుడికి కొంతదూరమున, ఒకే బండను తొలిచి చేసినవాడు. పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. అమ్మగారు కుంకుమరంగు చీర కట్టివచ్చిరి. పాతపటము చేతబట్టి, తన తల్లి నిలిచిన తావును వెదకి, “ఇక్కడే. ఎండకు కళ్లు మూసుకున్నానని నాన్న కోప్పడ్డాడు” అనిరి. వేడికి పట్టీ జిగురు ఊడిపోవుచుండెను. కొంగుతో కిటికీని గట్టిగా కప్పి మీట నొక్కితిని. బాగుగా రానిచో మరల తీయుటకు ఫిలిము లేదు; మరల వచ్చుటకు అమ్మగారి కాళ్లు ఓపునో లేదో!

ఆ నిలిచినచోటనే నాకు తోచినది. పాతపటములో అమ్మమ్మగారి నుదుట బొట్టు కూడ నల్లగానే యున్నది! ఆ బొట్టు కుంకుమ కాదని ఎవరును వాదింపలేదు. ఎఱుపు కనబడని ఫిలిము బొట్టును నల్లగా చూపినట్లే చీరను కూడ చూపినది. నీలమే యైనచో ఆ ఫిలిముపై అంత నల్లగా పడదు. అందుచేతనే గదా వెనుకనున్న ఆకాశము తెల్లగా నున్నది!

ఫిలిమును బెంగుళూరునకు పంపితిని. రంగుల ఫిలిమును 38 డిగ్రీల వేడిగల ద్రావణములో మూడు నిముషముల పదునైదు సెకండ్లు ఉంచి కడుగుదురు. ఇది ఇంటిలో తగిన సాధనములు లేనిదే కుదురు పని కాదు. పదిదినములకు పటములు వచ్చినవి. నాగలింగముపై ఎఱ్ఱని మంటవంటి మచ్చ పడినది. అది నా మరపునకు శిక్ష. కప్పు చిత్రములలో ఒకటి కదలి రెండుగా కనబడినది, రెండవది చక్కగా వచ్చినది. ఎనిమిదవదానిలో అంచులు కొంచెము మసకయైనను, అమ్మగారి బొట్టును చీరయు ఒకే ఎఱుపుతో వెలుగుచున్నవి.

రెండు పటములను ప్రక్కప్రక్కన పెట్టి పెద్దమ్మగారికి చూపి సంగతి వివరించితిని. ఆమె చాలసేపు చూచి, “అయితే అంచు ఆకాశనీలం. నాకు గుర్తున్నది అదే” అనిరి. ఆకాశము తెల్లబడిన పటములో నీలపుటంచును తెల్లబడకుండునా? అమ్మగారు నవ్వి ఆమె చేయి పట్టుకొనిరి. ఇంతకాలము ఇద్దరును ఒకే చీరను జ్ఞాపకము పెట్టుకొనియున్నారు. ఒకరు ఒడలిని, ఒకరు అంచును.

సోదరీమణులారా! మీ యిండ్ల అటకలమీద ఇట్టి పెట్టెలుండిన పారవేయకుడు. ఒక చుట్ట రంగుల ఫిలిము వేసి, పెద్దలు కదలగలిగినప్పుడే వారిని వారికి ప్రియమైన తావునకు తీసికొనిపోయి పటము తీయుడు. కాని రంగుల పటములును కాలక్రమమున వెలిసిపోవును. మూలఫిలిమును చల్లని పొడిచోట భద్రపరచుడు. పాతపటముల వెనుక పేర్లు, ఊరు, చీర రంగు మెత్తని పెన్సిలుతో వ్రాయించుడు. అమ్మమ్మగారి పటము వెనుక ఇప్పుడు రెండు చేవ్రాతలున్నవి: ‘చీర కుంకుమరంగు’ అని అమ్మగారిది, ‘అంచు నీలము’ అని పెద్దమ్మగారిది.